సగటులో తగ్గిన బరువు

గోంగూర ఆకు తుంచుతూ శాంభవి గెలాక్సీల గురించి ఆలోచిస్తోంది. పటమటలోని కాలేజీలో పొద్దంతా ఫిజిక్స్ చెప్పి ఇంటికొచ్చాక, కూర పొయ్యెక్కేలోపు దొరికే ఈ కాస్త తీరికలోనే ఆమె పరిశోధనంతా సాగాలి. వందల గెలాక్సీలు గుమిగూడిన ఒక గుంపు బరువెంతో తేల్చాలి. తక్కెడలో పెట్టి తూచే వస్తువు కాదు కదా! గుంపుకి బాగా వెనక, ఎక్కడో ఉన్న గెలాక్సీల వెలుగు దాని పక్కనుంచి వచ్చేటప్పుడు ఆ బరువు లాగుడుకి వంగుతుంది, వాటి ఆకారం రవ్వంత సాగుతుంది. ఎంత సాగిందో చూసి గుంపు బరువు కట్టాలి. అందులో ఎన్ని అనుమానాలని! టెలిస్కోపు మసక ఎంత, ఆ వెనకవి నిజంగా ఎంత దూరం, మొదటినుంచీ కోలగానే ఉన్నవెన్ని? అన్నీ సర్దుకున్నా, ఆమె లెక్కలో గుంపు మరీ తేలిగ్గా వస్తోంది.

కారణం నిన్ననే దొరికింది. గుంపులోని గెలాక్సీలే కొన్ని పొరపాటున వెనకవాటి లెక్కలో కలిసిపోయాయి. వాటి వెలుగు వంగనే వంగదు. వాటినీ కలిపి సగటు తీస్తే సాగడం తగ్గుతుంది, దాంతో బరువూ తగ్గుతుంది. ఇప్పుడు రంగులు చూసి వాటిని ఏరి పక్కన పెట్టాలి. “నెలరోజులు హైదరాబాదొచ్చి నా దగ్గర కూర్చో. లేకపోతే ఈ ఏడు కూడా థీసిస్ అవదు” అన్నారు గైడు నాగవల్లి గారు.

ఆ మాట ఇంట్లో చెప్పగానే భర్త జయదేవ్ ఫోన్లోంచి తలెత్తాడు.

“నెలా? ఇక్కడే కూర్చుని చేసుకోవచ్చుగా. ఇంటిపనంతా నీ ఒక్కదాని నెత్తిన పడేశామా ఏంటి? అందరం చేస్తున్నాంగా.”

“అవునమ్మా, తలో చెయ్యి వేస్తూనే ఉన్నాం” అంది అత్తగారు హైమవతి. “మీ మామయ్య మోటారేస్తారు, నేను దేవుడికి పూలు కోస్తాను, అబ్బాయి పాలపాకెట్టు తెస్తాడు.”

శాంభవికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ట్యాంకు పొంగితే పరుగెత్తి మోటారు కట్టేది ఎవరు? ఆ పాలు కాచి, అందరికీ కాఫీలిచ్చి, గిన్నె తోమేది ఎవరు? ఇన్నేళ్లూ తనకే ఎందుకింత అలసట అని తన్ను తానే అనుమానించుకుంది. ఒంట్లో ఓపిక లేదనుకుంది, పనితనం చాలదనుకుంది, ఒక్కోసారి బద్ధకమేమో అని సిగ్గు కూడా పడింది. అందరూ చేస్తున్నారనే సగటులో పడి తన పని తనకే తేలిగ్గా కనబడింది.

ఆమె చేతులు తుడుచుకుని లేచింది.

“సోమవారం బయల్దేరుతున్నానండీ” అంది నెమ్మదిగా. “అందరం చేసే పనే కదా. అందరూ ఇక్కడే ఉంటారు, వెళ్లేది నేనొక్కదాన్నే.”