దూలం మీది తుపాకీ

"సీసాలో సుక్క మిగల్లేదు! మావా, ఈ నూని నా తలకా, నీ తుప్పు ముక్కకా?"

కోడలు గంగాలమ్మ ఖాళీ సీసాని వెలుగుకెత్తి పట్టుకుని మరీ చూపించింది. తాతబాబు తలెత్తలేదు. అరుగు మీద గోనెపట్టా పరిచి, దాని మీద జోడుగొట్టాల తుపాకీని పడుకోబెట్టి, పాత లుంగీ పీలికతో తోముతున్నాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రని తుప్పునీళ్లు.

"తలకి రేపు రాసుకుందువులేయే. దీనికి ఈయాలే కావాల."

"అవునవును, పెళ్లికెల్లాల గదా అది! ఆ పాత సామాన్లోడు సందు సివరే ఉన్నాడు. పిలిత్తానుండు."

పిలవలేదు. గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

కంచరపాలెంలో ఆ ఇంటికి పెంకులు తీసేసి రేకులు వేయిస్తున్నారు. దూలానికి కట్టి ఉన్న మూటని నిన్న పనివాళ్లు దించారు. తెరచాప గుడ్డ చుట్టి, నులకతాడుతో బిగించిన మూట. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నేళ్లలో ఎవరూ విప్పలేదు. తాతబాబు అసలే విప్పలేదు.

ఒకప్పుడది జాలరిపేట తుపాకీ. ఏ దొర ఎప్పుడిచ్చాడో ఎవరికీ తెలియదు. దాంతో పిట్టని కొట్టినవాడు కూడా లేడు. వానకి ఒడ్డు కనపడనప్పుడు, ఒడ్డున వేసిన మంటలు నిలవనప్పుడు, గుండు లేకుండా ఉత్త మందు దట్టించి పేల్చేవారు. ఆ చప్పుడు పట్టుకుని తెప్పలు ఒడ్డుకి తిరిగేవి. ఆ పని తాతబాబుది. కుర్రతనంలో ఎడం కాలు విరిగి సరిగా అతకలేదు. వేటకి పనికిరానివాడికి పేట ఇచ్చిన పని అది.

తుపాను పట్టిన ఒక సాయంత్రం అన్న సూరన్న తెప్ప తిరిగి రాలేదు. తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు. తాతబాబు ఒడ్డున పడి ఉంటే మోసుకొచ్చారు. నోట్లో సారా వాసన. చలికి రెండు గుక్కలు తాగిన మాట నిజమే. ఆ తరవాతది అతనికే గుర్తు లేదు. "తాగి తొంగున్నాడు" అంది పేట. వదిన చిట్టమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి అతని వైపు చూడలేదు, అంతే.

పోర్టులో కలాసీగా చేరాడు. తాళ్లు లాగాడు, మూటలు మోశాడు, రిటైరయ్యాడు. అన్నం తినేటప్పుడు సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడని తోటివాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. మూట మాత్రం విప్పలేదు. విప్పితే ఆ సాయంత్రం తనేం చేశాడో తెలిసిపోతుంది. తెలియనంత కాలం కాస్త ఊపిరాడేది.

ఇప్పుడిక కట్టడానికి దూలం లేదు.

నూనె తాగితాగి గుర్రాలు వదులయ్యాయి. గొట్టాల వెనక సుత్తుల్లా ఉండే ఆ రెండింటినీ గుర్రాలంటారు. వాటి కింద బుడిపెల మీద చిన్న రాగి టోపీలు పెట్టాలి. గుర్రం ఎత్తి వదిలితే టోపీలో నిప్పు పుట్టి లోపలి మందుకి అంటుకుంటుంది. ఇన్నాళ్లూ తుప్పుకి రెండు గుర్రాలూ కిందికే అతుక్కుపోయి ఉన్నాయి.

ముందు గొట్టాల నిండా నీళ్లు పోశాడు. ఎంత పాతబడినా మందుని నమ్మకూడదు. తరవాత మందు దట్టించే కర్ర గజాన్ని మూతిలోంచి దింపాడు. అడుగు తగలకుండానే జానెడు పైన ఆగిపోయింది. రెండో దాంట్లోనూ అంతే. దట్టించిన మందు అలాగే ఉంది.

తాతబాబు గజం పక్కన పెట్టాడు. దట్టించాడు, సరే. కొట్టాడా?

బొటనవేలితో ఒక గుర్రాన్ని మెల్లగా ఎత్తాడు. కిర్రుమంటూ లేచింది. కింద పచ్చగా చిలుము పట్టిన టోపీ. అప్పచ్చిలా అణిగి, అంచులు చీలి, పువ్వులా విచ్చుకుని ఉంది. ఊరికే దించిన గుర్రం టోపీని అలా చీల్చదు. రెండోది ఎత్తాడు. అదీ అంతే.

అతను కొట్టాడు. వానకి తడిసిన మందే నిప్పు అందుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి తాతబాబు పక్కనే కొడుకు ఎల్లారావు కూర్చున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనిలో ఫిట్టరతను, ఆ రోజు సెలవు. తాతబాబు రెండు టోపీలనీ కంచం పక్కన పెట్టుకుని, చేపల పులుసు కలుపుకున్నాడు.

"సాయంత్రం పేటకెల్తాను. ఒదిన్ని సూడాల."

ఎల్లారావు ముద్ద ఆపాడు. "ఆవిడ నీ మొకం సూడదు గదా అయ్యా?"

"నా మొకం సూడక్కర్లేదురా. ఇయి సూత్తే సాలు." టోపీల వైపు గడ్డం ఆడించాడు. "కొట్టేన్రా నాను. రెండు గొట్టాలూ కొట్టేను."

గంగాలమ్మ ఇంకో ముక్క తెచ్చి అతని కంచంలో వేసింది.

"తినెల్లు. బస్సులో కళ్లు తిరిగితే ఎవుడు పట్టుకుంటాడు? ఉతికిన పంచె తీసి పెడతాను. ఆ తుప్పు సేతుల్తో ముట్టుకోకు."

తిన్నాక టోపీలు గుప్పిట్లో పెట్టుకుని అరుగు మీదే, తుపాకీ పక్కన ఒరిగాడు. సముద్రం వైపు తిరిగి పడుకున్నాడు.

పోర్టు సైరన్ కూసింది. గంగాలమ్మ టీ గ్లాసుతో వచ్చింది. "మావా, బస్సు ఎల్లిపోతంది." మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీయకుండానే మొగుణ్ణి కేకేసింది.

దీపాలవేళకి చావు కబురందుకుని చిట్టమ్మ వచ్చింది. ఆ ఇంటి గడప ఎక్కడం అదే మొదలు. ఎల్లారావు తండ్రి గుప్పిట విప్పి, రెండు టోపీలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తండ్రి చెప్పిన మాటే చెప్పాడు. ఆమెకి చూపు ఆనదు. చీలిన అంచుల్ని వేలితో చాలాసేపు తడిమింది.

"కొట్టేవా మరిదీ," అంది.

టోపీల్ని కొంగున ముడేసుకుని అతని తల దగ్గర కూర్చుంది. పక్కన గోనెపట్టా మీద తుపాకీ, నూనెకి తళతళలాడుతూ, అతను ఎత్తిపెట్టిన గుర్రాలతో అలాగే ఉంది.