ధనిష్ఠ నాటి మోత

మంచం పట్టె మీద మోచెయ్యి ఆనించి అంకన్న కొలిచాడు. పొడవు నాలుగు మూరలు. తల మీద బోర్లించుకొని పోతే సందులో ఇబ్బంది లేదు కానీ, రెండో మలుపు దగ్గర తిరగదు. అక్కడ దించి, నిలువుగా ఎత్తి తిప్పుకోవాలి. నులక విప్పే పని లేదు.

అది మూడో మోత. మొదటి మోతలో రోలు పోయింది. రెండో మోతలో బియ్యం కుండ, వంటపాత్రలు. మంచం మీద ఉండాల్సిన లక్ష్మీనరసమ్మను గోడవారగా నేల మీద పడుకోబెట్టారు. ఆమెకు డెబ్బై దాటాయి. కేశవస్వామి గుడి వెనక సందులో, వెంకటసుబ్బయ్య ఇంటి వెనక గదిలో, ముప్పై ఏళ్ళుగా అద్దెకుండి మోదుగాకు విస్తళ్ళు కుట్టి అమ్మింది. పది రోజులుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదు. నిన్నటి నుంచి గంజి కూడా లేదు.

అరుగు మీద వెంకటసుబ్బయ్య, ఎదురుగా లక్ష్మీనరసమ్మ చెల్లెలు ఓబులమ్మ మాట్లాడుకుంటున్నారు. అంకన్న మంచం ఎత్తుకొని బయటికి వచ్చేసరికి ఇద్దరూ ఆగారు. అతడు దాటిపోతాడని చూశారు. మంచం కాలు వాకిలికి తగిలి అతడు ఆగాల్సి వచ్చింది.

"నేను పొమ్మన్లేదు అత్తా," అన్నాడు వెంకటసుబ్బయ్య. "పంతులు పంచాంగం చూసి చెప్పినాడు. పొద్దున్నే ధనిష్ఠ వచ్చింది, రేపు పొద్దున దాకా ఉంటాది. ఈ లోపల ఆమె పోతే ఆరు నెలలు ఇల్లు వదిలి పోవాల. పదిహేను దినాల్లో మా పాప పెండ్లి. పందిరి యాడ వేసేది?"

"నువ్వు అన్లేదు లే అల్లుడా. గంజి పోయించినావు, మందు తెప్పించినావు. మా అక్కను నేను తీసకపోతాండా. నా ఇంట్లో పెండ్లి చేసుకొనేదానికి ఎవరుండారు, నేను తప్ప?"

అంకన్న మంచం సర్దుకొని సందులోకి దిగాడు. ఓబులమ్మ మొదటి మలుపు దాకా వెంట వచ్చింది.

"మా అక్క రేపు పొద్దున దాకా ఉంటాదంటావా అంకన్నా?"

"ఉంటాది చిన్నమ్మా."

"ఉండకపోతే నీకే పని. సామాను మళ్ళా ఎత్తాల."

"యాడికి?"

"గాలిగోపురం కింద బోలెడు చోటుండాది," అంది ఓబులమ్మ. నవ్వలేదు.

గుడి వెనక సందుల్లోకి బండి రాదు. గాలిగోపురం దగ్గరే ఎద్దులను విప్పాలి. అక్కడి నుంచి ఏది రావాలన్నా, పోవాలన్నా మనిషి తల మీదే. ఇరవై ఏళ్ళ వయసులో అంకన్న పలకల పెట్టెలను రైలు స్టేషనుకు మోసేవాడు. అవి మద్రాసుకు పోయేవి. పెట్టెలు మోశాడు గాని, ఒక్క పలక మీద కూడా అక్షరం రాయలేదు. ఒకసారి పెట్టె కాలి మీద పడింది. మేస్త్రీ ఇక రావద్దన్నాడు. అప్పటి నుంచి ఈ సందులే. ఇక్కడ అతడు కాలు పెట్టని ఇల్లు లేదు. ఏ ఇంట్లో ఎంత రోలు ఉందో, ఏ బీరువాకు ఏ కాలు విరిగిందో చెప్పగలడు. ఏ ఇంట్లోనూ కూర్చోలేదు. బరువుతో పోయేవాడు, ఖాళీ చేతులతో వచ్చేవాడు. భార్య పోయాక ఇంటికి కూడా అలాగే వెళ్ళి వస్తున్నాడు.

ధనిష్ఠలో చావు జరిగిన ఇళ్ళను అతడు ఇప్పటికి పదకొండు ఖాళీ చేశాడు. చాకలి నాగులు ఇల్లు వాటిలో ఒకటి. తల్లి పోతే నాగులు ఇంటికి ముళ్ళకంప కొట్టి, పిల్లలతో ఊరి బయట పాకలో ఆరు నెలలు ఉన్నాడు. వానాకాలంలో మిద్దె మీద మన్ను సర్దే దిక్కు లేక నీళ్ళు దిగి, వెనక గోడ కూలింది. సామాను తిరిగి తెమ్మని నాగులు అంకన్నను పిలవలేదు. చిన్న పిల్లను కంభంలో చుట్టాలకు ఇచ్చేసి తానెటో పోయాడు.

ఓబులమ్మది కూడా మట్టి మిద్దే. ఒకటే గది. మంచం వేస్తే మనిషి నడవడానికి చోటుండదు. ఆమె పొద్దున్నే నేల మీద చాప పరిచి వెళ్ళింది. అంకన్న మంచాన్ని గోడకు నిలబెట్టి వెనక్కి వచ్చాడు.

నాలుగో మోత లక్ష్మీనరసమ్మ. కుర్చీలో మోసుకుపోదామని వెంకటసుబ్బయ్య అన్నాడు. ఇద్దరు మోస్తే మలుపులో తిరగదని అంకన్న చెప్పాడు. వంగి నిలబడ్డాడు. ఓబులమ్మ పాతచీరతో అక్కను అతని వీపుకు కట్టింది.

"నువ్వు పద. ఆకుల కట్టలు మూటగట్టుకొని వెనకాలే వస్తా."

పట్టపగలు. ఎండకు సందులో తలుపులన్నీ మూసి ఉన్నాయి. లక్ష్మీనరసమ్మ గడ్డం అంకన్న భుజం మీద ఉంది. మొదటి మలుపు దాటాక ఆమె మాట్లాడింది.

"రోలు బరువా, నేను బరువా?"

"రోలే పెద్దమ్మా."

"రోలు ఎత్తినప్పుడు మూలిగినావు. విన్నా."

"నిన్ను మోస్తే మూలగను లే."

"మూలగవాకు. సుబ్బయ్య వింటాడు."

 ఆమె ఊపిరి అతని మెడకు తగులుతూనే ఉంది. రెండో మలుపు, మూడో మలుపు దాటాడు. ఓబులమ్మ ఇంటి గొళ్ళెం తీసి, ఆమె తల పైదూలానికి తగలకుండా నడుం బాగా వంచి గడప దాటాడు. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చొని చీర ముడి విప్పి ఆమెను పడుకోబెట్టాడు.

"వచ్చినామా?"

"వచ్చినాం పెద్దమ్మా."

ఆమె మిద్దె దూలాల వైపు చూసింది. నడుం దగ్గర చెయ్యి కదిలించి ఏదో తడుముకుంది. రెండుసార్లు ఊపిరి తీసుకుంది. మూడోసారి తీసుకోలేదు.

అంకన్న ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చాలాసేపు పెట్టాడు. కళ్ళు మూశాడు. లేచి నిలబడ్డాడు.

గోడకు మంచం, మూలన రోలు, రోలు పక్కన కుండలు. అన్నీ పొద్దుటి నుంచి తాను తెచ్చినవే. వీటిని మళ్ళీ ఎత్తాలి. ఓబులమ్మవి కూడా కలిపి ఎత్తాలి. ఆరు మోతలు అవుతాయి. ఎక్కడికి ఎత్తాలో తెలియదు.

సందులో ఓబులమ్మ గొంతు వినబడింది. రెండో మలుపు దగ్గర ఉంది. ఎవరి మేకనో తిడుతోంది.

"ఆ ఆకు తింటే నీకు కడుపు నిండదు, నాకు విస్తరి నిండదు. పో ఆ పక్కకి."

ధనిష్ఠ అంటే అంకన్నకు భయమే. ఇల్లు వదలకపోతే ఇంకొకరు పోతారంటారు. పదకొండు ఇళ్ళ వాళ్ళూ వదిలారు కాబట్టి, వదలకపోతే ఏమవుతుందో అతడు చూడలేదు. వదిలితే ఏమవుతుందో చూశాడు.

వంగి లక్ష్మీనరసమ్మను రెండు చేతుల మీద ఎత్తాడు. వీపు మీద తెచ్చినప్పటి కంటే బరువుగా ఉంది. చీరను భుజాన వేసుకున్నాడు. పక్కకు తిరిగి, ముందు ఆమె కాళ్ళు, తర్వాత తల గడప దాటించాడు. మోచేత్తో తలుపు లాగాడు. ఎదుటి గోడ నీడలో, సందు నేల మీద, ఆమె తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

ఓబులమ్మ మూడో మలుపు తిరిగింది. మూట తల మీద ఉంది.

"ఈడ దించినావేంది?"

"పోయింది చిన్నమ్మా."

ఆమె మూట దించింది. దగ్గరికి వచ్చి అక్క చెంప మీద చెయ్యి పెట్టింది. "యాడ?" అని అడిగింది.

"ఈడనే. దోవలో. గడప దాటలేదు." ఆ మాట అతడు నేల వైపు చూసి చెప్పాడు.

పక్కింటి సరస్వతమ్మ తలుపు తీసింది. ఆమెకు ధనిష్ఠ సంగతి తెలుసు. సందులో అందరికీ తెలుసు. గడప మీది నుంచే అడిగింది.

"ఇంట్లో పోయిందా, బయట పోయిందా? ఓబులమ్మా, నిన్నే. దగ్గరున్నది నువ్వేనా?"

 అక్క నోట్లో పొయ్యడానికి నీళ్ళు తెస్తానని ఓబులమ్మ లేచి తలుపు తోసింది. గడప మీద ఆగింది. అంకన్నకు ఆమె వీపే కనబడుతోంది. ఆమె లోపలికి చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, బయటికి వస్తూ రెండో చేత్తో తలుపు దగ్గరికి వేసింది.

అక్క పెదవుల మీద నీళ్ళు పోసి, తల ఎత్తి సరస్వతమ్మతో అంది.

"సందులోనే పోయింది మా అక్క. అంకన్న వీపు మీదనే. నేను వెనకాలనే వస్తాండా."

సరస్వతమ్మ ముక్కు మీద వేలేసుకుంది. నలుగురినీ పిలవడానికి గుడి వైపు వెళ్ళింది. ఓబులమ్మ అప్పుడు ఏడ్చింది. అంకన్న లేవలేదు.

తలుపు పూర్తిగా పడలేదు. జానెడు సందు మిగిలింది. లోపల చాప మీద, తల ఆనిన చోటుకి కొంచెం కిందుగా, లక్ష్మీనరసమ్మ బొడ్లోంచి జారిన వక్కాకు తిత్తి ఉంది. తాడు విడివడి, సగం కొరికిన వక్క ఒకటి చాప అంచు దాకా దొర్లి ఆగింది.