డిక్కీలో ద్రాక్షపెట్టెలు

ఎలియో బెర్తోలో ఆ ఉదయం కూడా టొయోటా షోరూముకు ఖాళీ ద్రాక్షపెట్టెలు మోసుకొచ్చాడు. సెప్టెంబరులో కాలిఫోర్నియా ద్రాక్ష దిగగానే పెట్టెలకు పెట్టెలు కొని, ఇంటికింద గదిలో వైన్ చేసుకోకపోతే సూ సెయింట్ మారీ ఊళ్ళో తోటి ఇటాలియన్లు మొహం మీదే నవ్వుతారు. కాబట్టి ఏ కారు డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయో ముందే తేలాలి. అప్పటికింకా ఫిబ్రవరే. బయట మంచు నడుములోతు ఉంది.

అతని భార్య ఇనెస్ కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. ఆమె అక్క నోర్మా నాలుగైదు గంటల దూరంలో, సరస్సు ఒడ్డునున్న మారథాన్‌లో మంచం పట్టింది. క్యాన్సర్ ఒళ్ళంతా పాకిందని డాక్టర్లు చేతులెత్తేశారు. అటు వెళ్ళే బస్సు ఏనాడో ఆగిపోయింది. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకి పాత కారు అడుగంతా తుప్పుపట్టి జల్లెడైపోయింది, హైవే ఎక్కితే మీ పూచీ అన్నాడు మెకానిక్. పోనీ అద్దెకు తీసుకుందామంటే, కొనబోతూ అద్దె కట్టే వెర్రివాడెవడని ఎలియో కొట్టిపారేశాడు. కొత్త కారు వస్తే తప్ప, డ్రైవింగ్ రాని ఇనెస్‌కు అక్క మొహం చూసే దారి లేదు.

"టొయోటాలో పెట్టెలు నిలువుగా పడుతున్నాయి. ఎదురు షోరూములో హోండాకి అడ్డంగా పట్టాయి. కాకపోతే హోండా డిక్కీ అంచు కిందికుంది, ఎత్తిపెట్టడం తేలిక," అన్నాడు ఎలియో.

"ఏదో ఒకటి తీసుకో."

"ఏదో ఒకటా? చొక్కా అనుకున్నావా? పదేళ్ళు వాడాలి."

"అక్కకి పదేళ్ళు లేవు ఎలియో."

"ఉన్నాయని నేనన్నానా?" అంటూ టేపు లాగి, డిక్కీ తలుపు పైకి లేస్తే ఇంటి గ్యారేజీ బల్బుకు తగులుతుందేమోనని కొలిచాడు.

క్రిస్మస్ నుంచీ ఇదే వరస. మీనమేషాలు లెక్కపెట్టడం కొందరికి చేతగానితనం, ఎలియోకు మాత్రం అదో విద్య. ఉక్కు మిల్లులో ఉద్యోగం చేసినంతకాలం ఎవరూ అతని అభిప్రాయం అడగలేదు. ఇప్పుడు ఇద్దరు సేల్స్‌మెన్ 'సార్ సార్' అంటూ వెంట తిరుగుతుంటే ఆ సుఖం వదులుకోబుద్ధి కావడం లేదు.

"ఇవాళ ఇంటికే తీసుకెళ్ళండి సార్. నడిపి చూసి రేపు తెచ్చివ్వండి," అన్నాడు టొయోటా సేల్స్‌మన్ డ్వేన్.

ఇనెస్ చటుక్కున లేచి నిలబడింది. "దీంట్లోనే మారథాన్ వెళ్ళొచ్చేద్దాం."

"పరాయివాళ్ళ బండి మీద అంత దూరమా? నలుగురూ ఏమనుకుంటారు? పైగా వచ్చేవారం హోండాని కూడా ఇంటికి తెచ్చి చూస్తేనే న్యాయం."

రెండు కార్లకూ న్యాయం జరగాల్సిందే. నోర్మా సంగతి ఆ న్యాయంలో ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం నోర్మా ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉన్నా వెటకారం తగ్గలేదు. "తేలిందా? ఏ కారే?"

"ఇంకా లేదక్కా."

"డిక్కీలో నన్ను పూడ్చే పెట్టె పడుతుందో లేదో కూడా కొలవమను, ఓ పనైపోతుంది."

ఇనెస్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. మొగుడి మీద అసహ్యం మాత్రం వచ్చింది.

తర్వాతి వారం, హోండా వాకిట్లో నిలబడి ఉన్న ఉదయం, నోర్మా పోయిందని ఫోనొచ్చింది. ఎలియో గడ్డం గీసుకున్నాడు, హోండా తీసుకుని బయటికెళ్ళాడు. ఇనెస్ కాఫీ కప్పు ముందేసుకుని కూర్చుంది. కాఫీ ఇంకా చల్లారనేలేదు, అతను టొయోటాలో తిరిగొచ్చాడు.

"కొనేశాను. చర్చికి మీ ఊరంతా వస్తుంది కదా, ఇంకొకడి బండిలో దిగితే బాగుండదు," అన్నాడు.

కాఫీ చల్లారే లోపల అయ్యే పని. ఇనెస్ మారథాన్ దాకా వెనక సీట్లో కూర్చుంది. ముందు సీటు వెచ్చగా ఉంటుందని అతను పదేపదే చెప్పినా కదల్లేదు.

ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో శాండ్‌విచ్‌లు, కాఫీ పెట్టారు. నోర్మా పక్కింటావిడ పెర్ల్ వచ్చి ఇనెస్ చేతులు పట్టుకుంది.

"మంచాన్ని కిటికీవైపు తిప్పించుకుందమ్మా. ఏ కారు లైటు పడినా మా చెల్లేనా అనేది. పోయే ముందురోజు కూడా అడిగింది, మావాళ్ళు ఏ కారు కొన్నారో తెలిసిందా అని. ఇంతకీ ఏది తీసుకున్నారు?"

ఎలియో మొహం విప్పారింది. "టొయోటా అండీ. నిజానికి హోండా కూడా తీసిపారెయ్యదగ్గదేం కాదు, ఎందుకంటే..."

"ఆవిడకి కాదు," అంది ఇనెస్. గొంతు పెంచలేదు, అయినా పక్క బల్లల వాళ్ళు తల తిప్పారు. "అడిగింది అక్క. పైన పెట్టెలో ఉంది, వెళ్ళి తనకి చెప్పు."

"ఇనెస్, నలుగురిలో..."

"తొందరేం లేదు. నేల గడ్డకట్టింది కదా, గొయ్యి తవ్వడానికి మే నెల రావాలి. అందాకా ఎక్కడికీ పోదు. రెండూ పోల్చి, నిదానంగా చెప్పు."

ఎలియో చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. మెట్లు పక్కనే ఉన్నాయి. అతను ఎక్కలేదు.