మద్దేనం ఫోల్డరు

ఉమ్మే హబీబా నాలుకకు పది రోజులుగా ఉప్పు తెలియడం లేదు. మంగళవారం నాడు వాళ్లమ్మ రహమత్ బీ పప్పులో ఉప్పు వేయడమే మరిచిపోయింది. తండ్రి ఖాజా మొహిద్దీన్ మొదటి ముద్దకే ముఖం చిట్లించి, "ఇదేం పప్పు, ఆస్పత్రి తిండి మాదిరుండాది" అన్నాడు. హబీబా మాత్రం కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కుంది. ఎట్లుందని అమ్మ అడిగితే బాగుందమ్మీ అంది. అబద్ధమాడాలని అన్న మాట కాదు. నిజంగానే ఆమెకు ఏమీ తెలియలేదు.

పది రోజుల కిందట అమ్మ రొమ్ములోని గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు ఇచ్చారు. ఇచ్చింది ఎక్కడో కాదు, తిరుపతిలో హబీబా పనిచేసే ల్యాబులోనే. హబీబా అక్కడ కంప్యూటర్ల మనిషి. ప్రింటరు అలిగినా, నెట్టు ఆగినా అందరూ ఆమెనే కేకేస్తారు. రిపోర్టు తయారైతే ఆ ఆఫీసు కంప్యూటర్లలోకే వస్తుంది. తలుచుకుంటే రెండు నొక్కుల్లో చూడొచ్చు. ఆమె తలుచుకోలేదు. భయపడటం, ఏడవడం, దువా చేయడం, ఇవేవీ ఆమె వల్ల కాలేదు. పన్ను పీకేటప్పుడు సూది వేశాక దవడ ఎట్లా ఉంటుందో, మనిషి మొత్తం అట్లా ఉంది.

అలాంటి మనిషికి మెదడుకు మేతలాంటి పని దొరికితే అంతకంటే కావలసిందేముంది? మేనేజరు భానుశ్రీ సరిగ్గా అప్పుడే ఒకటి అప్పజెప్పింది. రిపోర్టులు మెయిల్ చేసే మునిరత్నం నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టుకునే ఉద్దేశం యాజమాన్యానికి లేదు. "అవుట్‌లుక్ తనంతట తానే పంపేటట్టు ఏదైనా రాసెయ్ హబీబా" అంది భానుశ్రీ, దోసె వేసి ఇయ్యమన్నంత తేలిగ్గా.

మునిరత్నం ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో ఉన్నాడు. మొదట్లో కవర్లలో పెట్టి పోస్టు చేసేవాడు, తర్వాత అవుట్‌లుక్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే నేర్చుకుంది, మిగిలిన తొమ్మిదీ ఊరికే చూస్తుంటాయి. రోజుకు నూట యాభై రిపోర్టులు. హబీబా రెండు రోజులు ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మొదట్నుంచి చెప్పండి సార్, ఏం చేస్తారో."

"సెప్పేదానికి ఏముండాదమ్మా? రిపోర్టు తెరస్తాను. సూస్తాను. మూస్తాను. పంపిస్తాను."

హబీబా నోటుబుక్కులో నాలుగూ రాసుకుంది. తెరవడం, చూడటం, మూయడం దండగని మొదటి మూడింటినీ కొట్టేసింది. పంపడం ఒక్కటే మిగిలింది.

పైథాన్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాము రాసింది. రిపోర్టు ఫైలు పేరే రోగి నంబరు. ఆ నంబరును జాబితాలో వెతకాలి, ఎదురుగా ఉన్న మెయిల్ చిరునామా తీసుకోవాలి, అవుట్‌లుక్‌ను లేపి కొత్త మెయిల్ తెరిపించాలి, ఫైలు తగిలించాలి. పరీక్షించేటప్పుడు 'డిస్‌ప్లే' అని రాస్తే మెయిల్ తెర మీద కనబడి ఆగిపోతుంది, మనిషి చూసి నొక్కితేనే కదులుతుంది. ఆ ఒక్క మాట తీసేసి 'సెండ్' అని పెడితే ఇక చూసేది లేదు, నొక్కేది లేదు. లోపల ఏముందో తెరవకుండా, తెలుసుకోకుండా పంపేసే యంత్రం అది. హబీబాకు అది నచ్చింది. ఆ పది రోజుల్లో ఆమెకు నచ్చింది అదొక్కటే.

ఒక్క చోట మాత్రం ఆమెకు సందేహం వచ్చింది. మునిరత్నం కంప్యూటర్లో 'మద్దేనం' అని ఒక ఫోల్డరుంది. అందులో ఎప్పుడు చూసినా నాలుగో, అయిదో, ఏడో రిపోర్టులు మిగిలి ఉంటాయి. పొద్దున తెమలనివి మధ్యాహ్నానికి నెట్టుకుంటున్నాడు కాబోలు, వయసైపోయింది పాపం అనుకుంది. అడగొచ్చు. కానీ ఇంకో పది రోజుల్లో పూలదండ వేయించుకుని ఇంటికి పోయే మనిషిని పట్టుకుని, ఇవెందుకు మిగిలిపోతున్నాయి సార్ అని ఎట్లా అడుగుతుంది? తప్పు పట్టినట్టుండదూ? అందుకని నోరెత్తకుండా ఆయనకొక ఉపకారం చేసింది. ప్రోగ్రాము మొదలవగానే ముందు 'మద్దేనం' ఖాళీ చేసి, తర్వాతే మిగిలినవాటి జోలికి పోయేటట్టు రాసింది.

గురువారం పొద్దున ఆమె బస్సు దిగి వచ్చేసరికి మునిరత్నం మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు మద్దేనం నా పక్కన కూసోని తినమ్మా. మా ఇంటామె ఉర్లగడ్డ తాలింపు రొంత ఎక్కువే పెట్టినాది."

"సరే సార్" అంది హబీబా. ఎందుకని అడగలేదు. ఆయన ఏదో అనబోయి, కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పదకొండున్నరకు భానుశ్రీ వచ్చి, చూపించు చూద్దాం అంది. మునిరత్నం కింద శాంపిళ్ల కౌంటరుకు వెళ్లి ఉన్నాడు. హబీబా 'డిస్‌ప్లే' తీసేసి 'సెండ్' పెట్టి, ప్రోగ్రాము నడిపించింది. నల్లని తెర మీద ఒక్కొక్క వరుసా కిందికి దిగసాగింది: నంబరు, పేరు, ఊరు, పంపడమైనది. అవుట్‌లుక్ ఎవరో దయ్యం పట్టి ఆడిస్తున్నట్టు మెయిల్ మీద మెయిల్ తోసేస్తోంది. భానుశ్రీ చప్పట్లు కొట్టింది.

నాలుగో వరుస: రహమత్ బీ, వడమాలపేట, పంపడమైనది.

హబీబా చదివింది. వచ్చిందన్నమాట అనుకుంది. అంతకు మించి ఏమీ అనిపించలేదు. తెర మీద పదో పేరు, ఇరవయ్యో పేరు దిగిపోయాయి. అమ్మకు ఆ మెయిల్ చిరునామా తమ్ముడు షాకిర్ పెట్టించింది, ఫోనులో వీడియోలు చూసుకోవడానికి. నమోదు కాగితం మీద ఆ చిరునామా రాసింది మాత్రం హబీబానే.

మునిరత్నం మెట్లెక్కి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, ఫోల్డరు తెరిచాడు. మూసి మళ్లీ తెరిచాడు.

"ఈడ ఏడు రిపోర్టులుండల్ల. యాడికి పోయినాయి?"

"పంపేసినాను సార్. ముందు అవే పోయినాయి."

ఆయన చూపుడువేలు అట్లాగే గాల్లో ఆగిపోయింది.

"మంచివి అప్పుడే పంపించేస్తానమ్మా. సెడ్డవి ఈడ పెట్టుకుంటాను. రెండు దాటినాక ఫోను సేసి, తిన్నారా అని అడుగుతాను. తిన్నామంటేనే, రేపు ఇంట్లోవాళ్లను తోడు పిలుసుకోని రాండి, డాక్టరమ్మ మాట్లాడతాదంట అని సెప్తాను. కడుపులో ముద్ద లేకుండా ఇట్లాంటి మాట ఇనకూడదు. మా నాయనకు పొద్దన్నే సెప్పేసినారు. ఆ పొద్దు నుంచి ఆయనకు సరిగ్గా ముద్ద దిగలేదు."

"ఇది ఎక్కడా రాసి లేదు కదండీ?" అంది భానుశ్రీ.

"ఎవురూ అడగలేదు గదమ్మా."

హబీబా లేచి గోడ దగ్గరికి వెళ్లి నెట్టు తీగ పీకేసింది. అవుట్‌బాక్సులో ఇంకా ఎనభై రెండు మెయిళ్లు ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటే చూసింది. రక్తం, షుగరు, థైరాయిడు. అన్నీ మంచివే. చెడ్డవి ఏడూ ముందే వెళ్లిపోయాయి, ముందు వెళ్లేటట్టు రాసింది తనే. పంపిన మెయిల్ వెనక్కి రప్పించే ఏర్పాటు అవుట్‌లుక్‌లో ఉంది గానీ, అది ఆఫీసు లోపలి మనుషులకు పంపినవాటికే పనిచేస్తుంది. ఊళ్లోకి పోయిన మాటను వెనక్కి పిలిచే మీట ఎవరూ కనిపెట్టలేదు.

అప్పుడు చూశాడు మునిరత్నం ఆమె వైపు. "మీయమ్మది నిన్న సాయంత్రమే వచ్చినాది. నీకు ఈ పొద్దు తిన్నాక సెప్దామని..."

"తెలిసింది సార్" అంది హబీబా. గొంతు మామూలుగానే ఉంది. తన గొంతు అంత మామూలుగా ఉన్నందుకు ఆమెకే అసహ్యం వేసింది.

ఆయన అప్పటికే మొదటి నంబరు నొక్కుతున్నాడు. పుత్తూరు దేవకమ్మ ఇంకా మెయిల్ చూడలేదు, కొడుకు వస్తేనే ఫోను తెరుస్తుందట. రెండో ఫోను నగరిలో ఒక బడిపంతులుకు. స్పీకరులోంచి పిల్లల గోల వినబడుతోంది.

"సూసినానప్పా, ఇప్పుడే" అన్నాడు పంతులు. "క్లాసులో ఉండాను. పిలకాయలు ఎదురుగా ఉండారు. మళ్లీ మాట్లాడతాను." ఫోను పెట్టేశాడు.

మునిరత్నం ఫోను బల్ల మీద పెట్టాడు. హబీబాను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు మీయమ్మకు ఫోను సెయ్యి" అన్నాడు. "మిగిలినోళ్లను నేను సూసుకుంటా."

అమ్మ మొదటి గంటకే ఎత్తింది. ఇంట్లో వాళ్ల మాట సగం ఉర్దూ, సగం తెలుగు. పని మాటలు ఉర్దూలో, కష్టం మాటలు తెలుగులో వస్తాయి ఎందుకో.

"నీకే చేస్తా ఉన్నా బేటా. ఫోన్లోకి ఏందో వచ్చినాది. మీ ల్యాబు పేరుండాది, అంతా ఇంగ్లీషు. పక్కింటి సల్మాను పిలిచి చదివించుకుందామని గడప దాకా పోయినా."

"వద్దమ్మీ. సల్మాను పిలవొద్దు."

"సరే. అయితే నువ్వే చెప్పు, ఏముండాది దాంట్లో?"

అవుట్‌లుక్ తెర ఎదురుగానే ఉంది. నాలుగో మెయిల్ తెరిస్తే చాలు, చదివి చెప్పొచ్చు.

"తిన్నావా అమ్మీ?" అంది హబీబా.

"యాడ తిన్నా, పన్నెండే గదా అయ్యింది."

"నేను వస్తా ఉన్నా. వచ్చినాక చదువుతా."

అటువైపు కుట్టుమిషను దగ్గర రేడియో సన్నగా మోగుతోంది, అది ఆగిపోయింది. అయిదేళ్ల ఉద్యోగంలో హబీబా ఒక్కనాడూ మధ్యాహ్నం ఇంటికి వెళ్లలేదు. ఆ సంగతి అమ్మకు ఒకరు చెప్పాలా?

"రా" అంది రహమత్ బీ. "బెండకాయ వేయిస్తా ఉన్నా."

వెళ్లేముందు హబీబా ప్రోగ్రాము తెరిచింది. 'మద్దేనం' ఖాళీ చేసే వరుసలు కొట్టేసింది. 'సెండ్' తీసేసి మళ్లీ 'డిస్‌ప్లే' పెట్టింది. "ఇట్లాగైతే ప్రతిదానికీ ఒక మనిషి కూర్చోవాలి కదా?" అంది వెనక నుంచి భానుశ్రీ.

"కూర్చోవాలి మేడం" అని హబీబా సంచి తీసుకుంది.

వడమాలపేటలో బస్సు దిగేసరికి రెండు కావస్తోంది. తండ్రి పరుపులు కుట్టడానికి పుత్తూరు వెళ్లాడు, సాయంత్రం గానీ రాడు. అమ్మ చాప మీద రెండు కంచాలు పెట్టుకుని, దేనిలోనూ ఏమీ వడ్డించకుండా కూర్చుని ఉంది. ఫోను బోర్లించి దాని మీద కుట్టుపని కత్తెర పెట్టింది, ఎగిరిపోతుందేమో అన్నట్టు.

"ఇంకా తినలేదా అమ్మీ?"

"ఒక్కదాన్నే ఏం తినేది. చెయ్యి కడుక్కో."

వడ్డించింది. హబీబా అన్నంలో బెండకాయ కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక మంటెత్తింది. అమ్మ చెయ్యి ఏ ఆలోచనలో ఉందో, రెండుసార్లు వేసినట్టుంది ఉప్పు. ఎదురుగా అమ్మ తలొంచుకుని తింటోంది, చెవి పక్క నెరిసిన వెంట్రుక ఒకటి నూనె లేక లేచి నిలబడింది. ఈమె చచ్చిపోతుందేమో అనిపించింది హబీబాకు. పది రోజుల తర్వాత మొదటిసారి భయం వేసింది, చిన్నపిల్లకు వేసినట్టు.

"ఉప్పు సరిపోయిందా?" అంది అమ్మ తలెత్తకుండా.

"లేదమ్మీ. ఎక్కువైపోయింది."

రహమత్ బీ ఇంకో ముద్ద తిని, నీళ్లు తాగి, కంచంలోనే చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, కత్తెర తీసి పక్కన పెట్టి, ఫోను కూతురి ముందుకు జరిపింది.

"ఇప్పుడు చెప్పినావు చూడు, అట్లనే చెప్పు" అంది. "ఉన్నది ఉన్నట్టు."

హబీబా ఎడమచేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని, కుడిచేత్తో ఫోను తెరిచింది.