ఇద్దరు టీచరమ్మల కోటు

పొట్టి టీచరమ్మ అద్దం ముందు నిలబడి రెండు చేతులూ చాచింది. కోటు చేతుల్లోంచి వేలికొనలు కూడా బయటికి రాలేదు. వీపు మాత్రం బిగదీసుకుని, కచ్చా కుట్లు ఒక్కొక్కటే తెగాయి.

"ఈ చేతులెవరివి మాస్టారూ? నావైతే కావు," అంది.

నేను దర్జీని. ముప్ఫయ్యేళ్ళుగా కత్తెర పట్టినవాణ్ణి. గీసిన గీత తప్పి ఎన్నడూ కోయలేదు. టాబ్లెట్ తీసి మళ్ళీ చూశాను. చేతులు ఇరవై నాలుగు అంగుళాలు. వీపు పదమూడున్నర. నేను కోసిందీ అంతే.

మా షాపులో టేపు నా భార్యది, కత్తెర నాది. ఆడవాళ్ళను ఆమె కొలిచేది. కొలతలు టాబ్లెట్లో, నోట్సు రాసుకునే యాప్‌లో పెట్టేది. ఆమె పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి కొత్తవాళ్ళెవరినీ రానివ్వలేదు. పాతవాళ్ళకు ఆమె అంకెలు చూసి కోస్తున్నాను. వాళ్ళను మళ్ళీ కొలవను. కొలిస్తే ఆమె లెక్కను శంకించినట్టే. ఆ అంకెలున్నంత కాలం షాపులో సగం పని ఇంకా ఆమే చేస్తోంది.

మాకు ఇద్దరు టీచరమ్మలున్నారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఇద్దరి నోట్సుకూ నా భార్య 'టీచరమ్మ' అనే పేరు పెట్టింది. అంకెలు చూస్తే ఎవరెవరో మాకు తెలిసేది. ఇప్పుడు టాబ్లెట్లో చూస్తే టీచరమ్మ ఒక్కతే ఉంది. పొడవు, నడుము ఈవిడవి. చేతులు, వీపు ఆవిడవి.

ఎదురు వీధిలో రక్తపరీక్షల ల్యాబులో మా అమ్మాయి పని చేస్తుంది. ఫోను చేస్తే తెల్లకోటుతోనే వచ్చింది.

"ఆదివారం అప్‌డేట్ చేశాను నాన్నా. పెద్ద అప్‌డేట్. ఒకే పేరుతో రెండు నోట్సుంటే అదే కలిపేస్తుంది. వీపు అని రెండు లైన్లుంటే ఒకటే ఉంచుతుంది."

"ఎవరు కలపమన్నారు?"

"అడిగింది. నేను సరేనన్నాను."

"నన్నడిగావా?"

"నువ్వు బటన్లు కుడుతున్నావు. కదిలిస్తే అరుస్తావు."

"ఇప్పుడు అరవట్లేదా?"

పొట్టి టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కోటు విప్పలేదు. "చదువుకున్న పిల్ల, దాన్ననకండి," అంది. ఎల్లుండి గురువారం ఆవిడ రైలెక్కాలి. చలి ఊళ్ళో తమ్ముడి దగ్గర మూడు నెలలుంటుంది. ఈ కోటు ఉన్ని గుడ్డ నేసిన మిల్లు మూసేశారు. నా దగ్గర మిగిలింది ఒక్క ముక్క. దానితో ఒక వీపు వస్తుంది. రెండోసారి తప్పితే కోటు లేదు. అందుకే నాకు నా భార్య రాసిన అంకె కావాలి.

అమ్మాయి టాబ్లెట్ అందుకుంది. "ఇందులో కొత్తగా నోట్సుతో మాట్లాడొచ్చు. అడుగు."

"నోట్సుతో నేను మాట్లాడేదేంటి?"

"అడుగు నాన్నా!"

పొట్టి టీచరమ్మ వీపు కొలత ఎంత అని అడిగాను. 'చాలా మంచి ప్రశ్న!' అని వచ్చింది. కింద పదమూడున్నర. నా ప్రశ్న మంచిదో చెడ్డదో దీన్ని ఎవరడిగారు?

ఇంకా కింద సారాంశం అని ఒకటి వేలాడుతోంది. 'భుజాల ఎత్తులో స్వల్ప తేడా ఉంది. కస్టమర్‌తో చర్చించండి.' నా భార్య రాసింది నాకు కంఠతా వచ్చు. 'ఎడమ భుజం దిగింది. ఆవిడకు చెప్పొద్దు. లోపల దూది పెట్టు.' ఆమె చెప్పొద్దన్నదాన్ని ఇది చర్చించమంటోంది.

"ఏం రాసుంది?" టీచరమ్మ మెడ చాచింది.

"ఏమీ లేదు."

అమ్మాయి ఏవో చుక్కలు నొక్కింది. ఏదో తెరుచుకుంది, మూసుకుంది. మధ్యలో యాప్ తెరనిండా రంగు కాగితాలు ఎగరేస్తూ 'ఈ వారం మీరు ఇరవై నోట్సు చూశారు, శభాష్' అంది. పక్కన నోట్సుకు బొమ్మలు పెట్టుకోమంది. పులి బొమ్మ, కేకు బొమ్మ. నేను టాబ్లెట్‌ను ఇస్త్రీపెట్టె కింద పెడతానన్నాను. అమ్మాయి దాన్ని గుండెకు హత్తుకుంది.

"ఆగు నాన్నా. పాత కాపీలు ఎక్కడో ఉంటాయి."

ముప్పావుగంట పట్టింది. ల్యాబు నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. చివరికి దొరికింది. ఇద్దరు టీచరమ్మలు విడివిడిగా వచ్చారు. దూది మాట కూడా ఉన్నదున్నట్టు వచ్చింది. పొట్టి టీచరమ్మ వీపు పదిహేనున్నర. నాలుగేళ్ళ కిందటి తేదీ.

"చూశావా, ఆమె తప్పు రాయదు," అన్నాను.

"అమ్మ తప్పు రాసిందని ఎవరన్నారు?" అమ్మాయి విసురుగా తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన ముక్క బల్ల మీద పరిచాను. పదిహేనున్నరకు సుద్దగీత గీశాను. కత్తెర తీశాను.

"నన్ను కొలవరా?" అంది టీచరమ్మ.

"కొలిచే ఉంది."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

ఆవిడ కోటు విప్పి బల్ల మీద పడేసి, నాకు వీపు చూపించి నిలబడింది. మెడ కింద ఎముక పైకి లేచింది. భుజాలు ముందుకు వాలాయి. పిడికెడంత గూని. ఇది నాలుగేళ్ళ కిందటి వీపు కాదు. కోటు వేసి చూసినప్పుడు బిగుసుకుందనుకున్నానే గానీ వీపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అది ఆమె పని.

"ముప్ఫై ఆరేళ్ళు నల్లబల్ల మీద రాశాను. వంగదా మరి?" అంది టీచరమ్మ. "ఇది మీ టాబ్లెట్ తప్పు కూడా కాదు మాస్టారూ."

"టాబ్లెట్ తప్పే," అన్నాను.

"సరే, టాబ్లెట్ తప్పే. కొలవండి."

టేపు సొరుగు అడుగున ఉంది. దాని కొస ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ముప్ఫయ్యేళ్ళు ఆమె పక్కనే ఉన్నాను. అంకె విన్నాను, చెయ్యి చూడలేదు. భుజం ఎముక మీద పెట్టాను. తీసి చంక దగ్గర పెట్టాను.

"ఇంకొంచెం పైకి. ఆవిడ అక్కడినుంచి మొదలుపెట్టేది," అంది టీచరమ్మ. "అంత నొక్కి పట్టేది కాదు."

"ఆవిడ లేదు," అన్నాను. "కదలకండి."

ఆవిడ కదల్లేదు. గూని మీదుగా టేపు లాగాను. పదహారున్నర. మళ్ళీ లాగాను. పదహారున్నరే. పదిహేనున్నర గీతను చేత్తో చెరిపేసి, ఒక అంగుళం అవతల కొత్త గీత గీసి కోశాను.