వరద గీతకు పైన అర

కారు అమ్మేశాక ఖాళీ అయిన షెడ్డులో, వెనక గోడ మీది బొగ్గు గీతను త్రిమూర్తులు గారు వేలితో తడిమారు. గోదావరి పొంగి వీధీ ఇల్లూ ఏకమైన ఏడాది నీళ్ళు ఎంతవరకు నిలిచాయో భార్య ఆశాజ్యోతి గీసిన గుర్తది. కింద పెట్టిన ఆవకాయ జాడీలోకి అప్పుడే బురద చేరింది.

ఆమె పోయాక నిరుడు ఆ ఇంట ఆవకాయే పెట్టలేదు. ఈ వేసవికి అక్కగారు వీరవేణి వచ్చి పెడతానన్నారు, జాడీకి గట్టి చోటు చూపిస్తేనే.

"ఈ గీతకు పైనే అర బిగించు వీరబ్రహ్మం."

"ఏనుగునెక్కించినా కదలదండి," అన్నాడు వడ్రంగి.

గోడలోకి ఇనుప యాంగిళ్ళు దిగాయి. పాత వీధి తలుపు టేకు చెక్కలు వాటి మీదికెక్కాయి. త్రిమూర్తులు గారు అర పట్టుకుని వేలాడి మరీ మురిసిపోయారు.

మర్నాడు వీరబ్రహ్మం మిగిలిన చెక్కలు సర్దుతుండగా, జాడీ నింపి, వీరవేణి షెడ్డులోకి తొంగి చూశారు. అర ఆవిడ గడ్డం ఎత్తున ఉంది.

"ఏరా మూర్తీ, ఇది ఆవకాయకా, పావురాలకా?"

"వరదొస్తే ఎలాగక్కా?"

"వరద దాకా ఎందుకూ? నిండు జాడీని అంతెత్తుకి ఎత్తబోతే నీ నడుం ఇప్పుడే పోతుంది. జాడీ మా ఊరు పట్టుకుపోతాను. నీకు సీసాల్లో పంపిస్తాలే."

ఆశాజ్యోతి జాడీ గడప దాటడం త్రిమూర్తులు గారికి ఇష్టం లేదు. బురద కడుగుతూ ఆమె ఆనాడన్న మాట గుర్తొచ్చింది: 'పోనీలెండి, సగం అప్పటికే తినేశాంగా!'

"అక్కా, వరదొచ్చేది శ్రావణంలో కదా. అప్పటికి జాడీ సగమవుతుంది, నేనే ఎత్తగలను. అందాకా కిందే ఉంటుంది. వీరబ్రహ్మం, మిగిలిన చెక్కతో మోకాలెత్తున ఇంకో అర వెయ్యి!"

"బానే ఉంది. శ్రావణానికల్లా సగం తినాలిగా! నువ్వొక్కడివే తింటావా?"

"నెలకోసారి నువ్వు రావా ఏంటి?"

వీరవేణి కాదనలేదు. కింది అర బిగిసేసరికి, ఆవకాయ కలిపిన పళ్ళెంలోనే వేడన్నం, నెయ్యి వేసి కలుపుకొచ్చారు. మొదటి ముద్ద వీరబ్రహ్మం చేతిలో పడింది.

"అబ్బ! ఘాటుగా ఉందండి," అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ.

"తిను బాబూ, తిను," అన్నారు త్రిమూర్తులు గారు, తన ముద్దకు చెయ్యి చాపుతూ. "శ్రావణానికి సగం చెయ్యాలి."