దాదీకి అట్టచెప్పులు

దీపు మోకాలి కింద ఎముక మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కి, మాణిక్యాంబ మనసులో పది లెక్కపెట్టింది. వేలు తీసింది. పడిన సొట్ట చూస్తుండగానే పూడి, చర్మం మామూలైంది. తరువాత ఎడమ కాలు. తరువాత నేహా కాళ్ళు. నాలుగేళ్ళ పిల్ల నిద్రలోనే విసుక్కుని తల్లి మణికట్టు మీద ఒక తన్ను తన్నింది. ఇంత బలంగా తన్నిందంటే బాగానే ఉన్నట్టు అనుకుంది. అయినా రెండోసారి నొక్కి చూసింది.

పన్నెండు రోజులుగా ఆమెకు ఇలాగే తెల్లవారుతోంది.

ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని జనం కాళ్ళు వాచి చచ్చిపోతున్నారని రేడియోలో చెబుతున్నారు. ఎనిమిదో తరగతితో చదువు మానిపించి పెళ్ళి చేశారు తనకి, హిందీ వార్తల్లో సగమే అర్థమవుతుంది. అర్థం కాని సగంలో ఇంకేం చెప్పారోనని దిగులు. పక్క బ్లాకులో ఉండే అన్నపూర్ణేశ్వరిగారే విడమరిచి చెప్పింది.

"వేలితో నొక్కితే సొట్ట అలాగే ఉండిపోతుందిట మాణిక్యం. అదే గుర్తు. మనకేంలే, ఆ నూనె వాసనే పడదు కదా మనకి."

మనకేం అనుకోవడానికి లేదు. జులైలో కింది వాటావాళ్ళు బదిలీ మీద వెళుతూ, ధౌలా కువాన్ దగ్గరి ఈ మిలిటరీ క్వార్టర్లలో అందరూ చేసేట్టే, మిగిలిన సరుకులు ఇరుగుపొరుగుకి పంచిపెట్టారు. మాణిక్యాంబ వంతుకి ముప్పాతిక నిండిన ఆవనూనె డబ్బా వచ్చింది. మూత తీసేసరికి ముక్కు మండింది. పారబోయడానికి మనసొప్పక, ఎదురింటి ముసలావిడ శర్బతీ దాదీకి ఇచ్చేసింది. దాదీది హర్యానా. కొడుకు జగ్‌బీర్ మిలిటరీ లారీ డ్రైవరు, వారంలో నాలుగు రోజులు బండి మీదే ఉంటాడు. మాణిక్యాంబ భర్త నాగభూషణం జోధ్‌పూర్ డ్యూటీలో ఉన్నాడు. మగదిక్కు లేని రెండు ఇళ్ళ మధ్య తలుపులు మూసేవాళ్ళు లేరు. నెలపాటు పిల్లలిద్దరూ దాదీ వంటింట్లోనే పరాఠాలు తిన్నారు.

వార్త విన్న రోజు నుంచి పిల్లల్ని ఆ గడప తొక్కనివ్వడం మానేసింది. దాదీకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ఆ డబ్బా ఇచ్చింది ఎవరో కూడా గుర్తుచేయాలి. ఆవిడా రేడియో వింటుందిగా, కొడుకు ఈపాటికి పారబోసే ఉంటాడుగా అని రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తనకి తను చెప్పుకుంటోంది.

ఆ రోజు దీపుకి స్కూలు సెలవు. చపాతీ పిండి ముద్ద సగానికి సగం మాయమైంది. చూస్తే గచ్చు మీద ఆరుగురు పిండి మనుషులు వరసగా పడుకుని ఉన్నారు. దీపు మెడలో పైజమా నాడా వేసుకుని డాక్టరయ్యాడు. ఒక్కొక్కరి కాలు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, తీర్పు చెబుతున్నాడు.

"యే ఫెయిల్. యే భీ ఫెయిల్."

"మమ్మీ, నా గుడియా బొమ్మకి గుంట పూడట్లేదు," అని నేహా పెదవి విరిచింది.

మాణిక్యాంబ ఆ పిండి మనుషులందర్నీ ఒక్క చేత్తో ఊడ్చి ముద్ద చేసేసింది. పిల్లలు బిక్కమొహం వేశారు. 

బట్టలు ఉతుకుతూ ఉండగా ఇల్లు సద్దుమణిగింది. ఆ ఇంట్లో చప్పుడు కంటే నిశ్శబ్దమే ఎక్కువ భయం. సబ్బు చేతులతోనే పరుగెత్తింది. పిల్లలు ముందుగదిలోనే ఉన్నారు. టీవీ అట్టపెట్టె చింపి, మైదా ఉడికించిన జిగురు జుట్టు దాకా పూసుకుని కూర్చున్నారు.

"ఏంట్రా ఇది?"

"చప్పల్," అన్నాడు దీపు తలెత్తకుండా.

"ఎవరికి, ఏనుగుకా? ఇంత వెడల్పా?"

నేహా కిలకిలా నవ్వింది. "దాదీకి. దాదీ కాలు చప్పల్లో పట్టట్లేదు."

"వెళ్ళొద్దన్నానా? పెన్సిలు వంకరగా గీసుంటావురా నువ్వు."

"నహీ మమ్మీ. కాలు చుట్టూ సరిగ్గా గీశాను. దాదీకి గిలిగింతలు పుట్టాయి."

మాణిక్యాంబ తడికాలు ఆ గీత మధ్యలో పెట్టింది. రెండు పక్కలా రెండేసి వేళ్ళ చోటు మిగిలిపోయింది.

ఎదురింట్లో దాదీ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. ఊపిరి పైపైన ఆడుతోంది. మాణిక్యాంబ పక్కన కూర్చుని, ఆవిడ ఘాగ్రా కొంచెం పైకి జరిపి, బొటనవేలు నొక్కింది. పది. తీసింది. చింతగింజ పట్టేంత సొట్ట. ఇరవై లెక్కపెట్టినా అలాగే ఉంది.

"ముసలి కాళ్ళు బేటీ, నీరు దిగింది," అంది దాదీ.

"దాదీ, ఆ నూనె..."

"అయిపోయిందిగా. మంచి ఘాటు. జగ్‌బీర్‌కి నేను చేసింది తినే తీరికెక్కడిది, అంతా నేనే తిన్నా."

వచ్చీరాని హిందీలో మాణిక్యాంబ చెప్పేసింది. ఆ నూనెలో విషం ఉందేమో, ఇచ్చింది నేను. ఆ వెంటనే నోటికొచ్చిన మాట, "పిల్లలు?" ఆ మాటకి తనకే సిగ్గు వేసింది.

దాదీ ఘాగ్రా మళ్ళీ కాళ్ళ మీదికి లాక్కుంది. "నీ పిల్లలకి నెయ్యే వేశాను. నువ్వు ముక్కు మూసుకోవడం నేను చూడలేదా? ఆ దొంగవెధవ దీపు మాత్రం రెండు మూడుసార్లు నా పళ్ళెంలోది లాక్కుతిన్నాడు." ఆగి ఊపిరి తీసుకుంది. "జగ్‌బీర్ దగ్గర నీ పేరు ఎత్తకు. వాడికి కోపం ముందు, బుద్ధి వెనక. నూనె బజార్లో కొన్నానని చెబుతాలే."

మాణిక్యాంబ వద్దు అనలేదు.

సాయంత్రం జగ్‌బీర్ వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఆమే చెప్పింది. అతను తల్లిని వీపు మీద ఎత్తుకుని మెట్లు దిగుతుంటే పిల్లలు చెప్పులు పట్టుకుని వెంటపడ్డారు. జిగురు ఇంకా తడిగానే ఉంది.

"ఆరనివ్వండి రాజా," అంది దాదీ, కొడుకు భుజం మీంచి. "వచ్చాక తొడుక్కుంటా."

ఐదోనాడు జగ్‌బీర్ ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. తాళం తీస్తూ, ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ మాణిక్యాంబని చూసి ఆగాడు.

"అమ్మ ఆ నూనె ఏ బజార్లో కొన్నదో దీదీ, ఎంత అడిగినా చెప్పనే లేదు. డాక్టర్లూ అడిగారు."

ఆమె నోరు తెరిచింది. వెనక గదిలో దీపు సోఫా మీంచి దూకుతున్న చప్పుడు వినిపించింది. ఆ పొద్దున వాడి కాళ్ళు నాలుగుసార్లు నొక్కింది.

"చాయ్ పెట్టనా భయ్యా," అంది.

అక్కర్లేదని తల ఊపి, గడప పక్కన పిల్లలు పెట్టినవాటిని తొక్కకుండా పక్కనుంచి అడుగేసి, అతను లోపలికి వెళ్ళిపోయాడు. జిగురు ఎండి అట్ట గట్టిపడింది, నేహా ఎర్ర రిబ్బన్లు పట్టీలై నిలబడ్డాయి. ఆ మెట్ల మీద తిరిగే ఏ కాలికీ సరిపోనంత వెడల్పుగా, రెండు చెప్పులూ గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.